బెణుకే కదా అంటే కుదరదు

బస్తర్ అడవుల్లో బతుకుతెరువు కాళ్ల మీదే నడుస్తుంది. పదేపదే మడతపడే చీలమండ లోపల ఏం జరుగుతోందో అల్ట్రాసౌండ్ చూపించగలదు. ఆ యంత్రాన్ని గర్భిణుల గది దాటించడమే కష్టం.

వేసవి వచ్చిందంటే దక్షిణ బస్తర్‌లో పల్లెలకు పల్లెలు అడవిలోనే ఉంటాయి. మార్చి, ఏప్రిల్ నెలల్లో ఇప్ప పువ్వు ఏరాలి. ఆ వెంటనే తునికాకు కోత. తెల్లవారకముందే ఇల్లు వదిలి, రాళ్లూ చెట్ల వేళ్లూ నిండిన కాలిబాటల్లో నడిచి, ఎండ ముదిరేలోగా నెత్తిన మూటతో తిరిగి రావాలి. ఆకులు కట్టలు కట్టి కల్లంలో అప్పగిస్తేనే డబ్బు. ఆ సీజన్ కొద్ది వారాలే. ఆ వారాల్లో ఎవరికైనా కాలు మడతపడితే ఆ ఇంటికి ఒక కూలీ తగ్గినట్టే.

అయినా కాలు బెణకడాన్ని ఎవరూ జబ్బు కింద లెక్కించరు. బెణికినవారూ అంతే, వైద్యులూ అంతే. మలేరియా, రక్తహీనత, పాముకాటు, కాన్పు కష్టాలు వరుసలో ముందున్న చోట చీలమండ వాపుది ఆఖరి స్థానమే. పసరు కట్టో, నూనె మర్దనో, నొప్పి మాత్రో సరిపోతుందనుకుంటారు. వాపు తీసిందంటే బెణుకు తగ్గినట్టే లెక్క.

కానీ చాలామందికి అది తగ్గదు. మొదటిసారి చీలమండ బెణికి ఆసుపత్రికి వచ్చినవారిని డబ్లిన్ పరిశోధకులు ఏడాదిపాటు గమనించి 2016లో ఫలితాలు ప్రకటించారు. వారిలో 40 శాతం మందికి ఏడాది గడిచాక కూడా కాలు నిలకడగా లేదు. మామూలుగా నడుస్తున్నప్పుడే పాదం ఉన్నట్టుండి లోపలికి మడతపడుతుంది. గుంతలో అడుగు పడితే, వాలులో దిగితే భయం. వైద్యులు దీన్ని దీర్ఘకాలిక చీలమండ అస్థిరత అంటారు. ఒకసారి బెణికిన కాలే మళ్లీ మళ్లీ బెణుకుతుంది. ఏళ్ల తరబడి ఇలాగే సాగితే కీలు అరిగిపోయే ప్రమాదం కూడా ఉంది.

నగరంలో ఈ బాధకు ఆటో ఉంది, లిఫ్టు ఉంది, కుర్చీలో కూర్చుని చేసే ఉద్యోగం ఉంది. బస్తర్‌లో ఇవేవీ లేవు. ఏడు జిల్లాల బస్తర్ డివిజన్ విస్తీర్ణంలో ఇంచుమించు కేరళంత ఉంటుంది. రోడ్డు ఆగిపోయిన చోటి నుంచి నడకే. సంతకు నడక, రేషన్‌కు నడక, ఆసుపత్రికి కూడా నడకే. కాలు బాగాలేనివారు ఆసుపత్రికి వెళ్లాలంటే ముందుగా కావలసింది బాగున్న కాలే. లేదంటే మంచాన్ని కావడిగా మార్చి మోసే నలుగురు మనుషులు.

బస్తర్‌లో పాదాల సంగతి ప్రభుత్వాలకు తెలియదని కాదు. 2018 ఏప్రిల్ 14న ప్రధాని నరేంద్ర మోదీ బీజాపూర్ జిల్లా జాంగ్లాలో దేశంలోనే తొలి ఆయుష్మాన్ భారత్ హెల్త్ అండ్ వెల్‌నెస్ సెంటర్‌ను ప్రారంభించారు. అదే రోజు అదే ఊళ్లో చరణ్ పాదుక పథకం కింద తునికాకు సేకరించే ఒక ఆదివాసీ మహిళకు స్వయంగా చెప్పులు అందించారు. ఇటు పల్లెలో ఆరోగ్య కేంద్రం, అటు కాలికి చెప్పులు. ఈ రెండింటి మధ్యా మిగిలిపోయింది చీలమండ.

మూడు పట్టీల కథ

చీలమండ బయటివైపు ఉబ్బెత్తుగా కనిపించేది ఫిబులా అనే సన్నటి ఎముక చివర. దాన్ని పాదం ఎముకలతో కలిపి పట్టుకునేవి మూడు లిగమెంట్లు. ముందువైపు ఉన్నది పలచటి పట్టీ. దాని మందం సుమారు రెండు మిల్లీమీటర్లు, పొడవు సుమారు రెండు సెంటీమీటర్లు. రెండోది కిందికి దిగి మడమ ఎముకను పట్టుకుంటుంది. మూడోది వెనకవైపు ఉంటుంది. అది అన్నిటికన్నా గట్టిది.

రాయి మీద అడుగు జారి పాదం లోపలికి తిరిగినప్పుడు, అందులోనూ మునివేళ్లు కిందికి వంగి ఉన్నప్పుడు, ఒంటి బరువంతా ముందువైపు పట్టీ మీదే పడుతుంది. ఎక్కువ సందర్భాల్లో సాగేదీ, చిరిగేదీ అదే. దెబ్బ ఇంకా గట్టిదైతే రెండోది కూడా పోతుంది. మూడోది తెగడం అరుదు.

లిగమెంట్ ఉత్త తాడు కాదు. అందులో నరాల కొసలు ఉంటాయి. పాదం ఏ కోణంలో ఉందో, ఎటు వాలుతోందో క్షణక్షణం వెన్నుపాముకూ మెదడుకూ సమాచారం పంపేవి అవే. లిగమెంట్ చిరిగినప్పుడు ఈ వార్తా వ్యవస్థ కూడా దెబ్బతింటుందని ఇంగ్లండ్ ఎముకల వైద్యుడు మైకేల్ ఫ్రీమన్ 1965లో ప్రతిపాదించారు. పాదం వాలుతున్న సంగతి కండరాలకు ఆలస్యంగా తెలుస్తుంది. అవి బిగుసుకునే లోపే కాలు మడతపడిపోతుంది. తర్వాత జరిగిన పరిశోధనలు ఈ వాదానికి చాలా మార్పులు చేర్చాయి. కానీ ఒక విషయం స్థిరపడింది. చీలమండ అస్థిరతలో రెండు పాళ్లున్నాయి. ఒకటి పట్టీ వదులు కావడం. రెండోది నిలకడను కాపాడే కండరాలు, నరాలు తమ పని మరిచిపోవడం.

ఈ తేడా తెలియడం రోగికి చాలా ముఖ్యం. ఎందుకంటే రెండింటికీ వైద్యం ఒకటి కాదు. రెండో రకానికి వ్యాయామమే మందు. మొదటి రకంలో పట్టీ పూర్తిగా తెగి, వ్యాయామంతోనూ గుణం కనిపించనప్పుడు శస్త్రచికిత్స దాకా వెళ్లాల్సి రావచ్చు. 1966లో స్వీడన్ వైద్యుడు లెన్నార్ట్ బ్రోస్ట్రోమ్ వివరించిన పద్ధతినే కొద్దిపాటి మార్పులతో ఈనాటికీ సర్జన్లు అనుసరిస్తున్నారు. సమస్యల్లా ఎవరిది ఏ రకమో తేల్చుకోవడమే. ఎక్స్‌రేలో ఎముక కనిపిస్తుంది కానీ లిగమెంట్ కనిపించదు. ఎంఆర్‌ఐలో కనిపిస్తుంది కానీ ఆ యంత్రం ఖరీదు కోట్లలో ఉంటుంది, అడవి అంచున ఉండదు.

కదిలిస్తూ చూడటం

ఇక్కడే అల్ట్రాసౌండ్ పనికొస్తుంది. 1958లో స్కాట్లండ్‌లోని గ్లాస్గోలో ఇయాన్ డొనాల్డ్ అనే ప్రసూతి వైద్యుడు, లోహాల్లో పగుళ్లు కనిపెట్టేందుకు పరిశ్రమల్లో వాడే యంత్రాన్ని పొట్టమీద ప్రయోగించి ఫలితాలు ప్రచురించారు. అప్పటి నుంచి అల్ట్రాసౌండ్ అంటే గర్భిణుల పరీక్ష అనే పేరు పడిపోయింది. కండరాలు, కీళ్ల వైద్యంలో దాని వాడకం తర్వాతి దశాబ్దాల్లో మెల్లగా పెరిగింది. చర్మానికి దగ్గరగా ఉండే సన్నటి భాగాలను స్పష్టంగా చూపే ప్రోబ్‌లు అందుబాటులోకి వచ్చాక అది ఊపందుకుంది.

పొట్టను చూసే ప్రోబ్ వంపు తిరిగి ఉంటుంది. తక్కువ ఫ్రీక్వెన్సీ తరంగాలు పంపి లోతుగా చూస్తుంది. చీలమండకు వాడేది తిన్నగా ఉంటుంది. 10 నుంచి 15 మెగాహెర్ట్జ్ వరకు ఎక్కువ ఫ్రీక్వెన్సీతో పనిచేస్తుంది. కొద్ది సెంటీమీటర్లకు మించి లోపలికి చూడలేదు. కానీ ఆ కొద్ది లోతులో సన్నటి పోగులను కూడా విడివిడిగా చూపిస్తుంది. చీలమండ పట్టీలు చర్మం కిందే ఉంటాయి కాబట్టి అంతకు మించిన లోతు అక్కర్లేదు.

ప్రోబ్ ఒక కొసను ఫిబులా చివర ఆనించి, రెండో కొసను కాలివేళ్ల వైపు తిప్పితే ముందువైపు లిగమెంట్ తెరమీదికి వస్తుంది. ఆరోగ్యంగా ఉన్నది వరుసగా పరిచిన నార పోగుల్లా తెల్లగా, బిగుతుగా కనిపిస్తుంది. కొత్తగా చిరిగినదైతే ఉబ్బి నల్లబడుతుంది. పూర్తిగా తెగితే మధ్యలో నల్లటి ఖాళీ, అందులో నీరు. పాత దెబ్బ అయితే పట్టీ మందంగానో, అలలు తిరిగినట్టుగానో, ఎముక నుంచి ఊడినట్టుగానో ఉంటుంది.

అసలు లాభం ఇది కాదు. ఎంఆర్‌ఐ గొట్టంలో కాలు కదపకూడదు. అల్ట్రాసౌండ్‌లో కదిపి చూడాలి. మడమను పట్టుకుని మెల్లగా ముందుకు లాగితే, పట్టీ బాగున్న కాలిలో ఎముకల మధ్య దూరం పెద్దగా మారదు. వదులైన కాలిలో ఆ ఖాళీ తెరుచుకోవడం తెరమీద కళ్లారా కనిపిస్తుంది. దాన్ని మిల్లీమీటర్లలో కొలవవచ్చు. రెండో కాలితో పోల్చవచ్చు. పాదాన్ని పైకి వంచితే మడమను పట్టుకునే రెండో లిగమెంట్ బిగుసుకుని, తన మీదుగా వెళ్లే టెండన్లను పైకి నెడుతుంది. అది తెగి ఉంటే టెండన్లు పైకి లేవవు. పాదాన్ని గుండ్రంగా తిప్పమంటే, ఆ టెండన్లు ఎముక అంచు మీద నుంచి జారిపడటం కూడా పట్టుకోవచ్చు. బెణుకుగా పొరబడే ఇబ్బందుల్లో అదొకటి.

పరిశోధకులు మరో అడుగు ముందుకేశారు. అస్థిరత ఉన్నవారి కాళ్లలో లిగమెంట్ ఎంత సాగింది, చీలమండను బయటివైపు లాగి పట్టే కండరాలు నిలబడినప్పుడు ఎంత పనిచేస్తున్నాయి, అరికాలిలోని చిన్న కండరాలు సన్నబడ్డాయా అనేవి అల్ట్రాసౌండ్‌తో కొలుస్తున్నారు. వ్యాయామం చేశాక మళ్లీ కొలవవచ్చు. రేడియేషన్ లేదు కాబట్టి ఎన్నిసార్లు చూసినా ప్రమాదం లేదు.

అయితే ఈ యంత్రాన్ని సర్వజ్ఞురాలిగా చూడటం తప్పు. ప్రోబ్ కొద్దిగా వంగినా బాగున్న లిగమెంట్ కూడా నల్లగా కనిపించి చిరిగిందన్న భ్రమ కలిగిస్తుంది. చూసే చేతికి అలవాటు లేకపోతే ఫలితం నమ్మలేం. ఎముక లోపలి దెబ్బ, కీలు లోపల మృదులాస్థికి తగిలిన గాయం దీనికి అందవు. మరో చిక్కు కూడా ఉంది. తెరమీద పట్టీ వదులుగా కనిపించినా కాలు మడతపడకుండా హాయిగా పరుగెత్తేవారు చాలామంది ఉన్నారు. వారి కండరాలు ఆ లోటును పూడ్చుకున్నాయన్నమాట. కాబట్టి బొమ్మ చూసి వైద్యం నిర్ణయించడానికి వీల్లేదు. బాధ చెప్పే మాటను బొమ్మతో సరిచూసుకోవాలి.

చట్టం గుమ్మం దగ్గర

బస్తర్‌కు అల్ట్రాసౌండ్ కొత్త కాదు. జగదల్‌పూర్‌లో 2006లో మొదలైన బలిరాం కశ్యప్ స్మారక ప్రభుత్వ వైద్య కళాశాల ఉంది. కానీ యంత్రం ఉన్నచోట అది ముందుగా కాన్పుల కోసం. దానికి న్యాయమైన కారణమూ ఉంది. మాతా శిశు మరణాలు తగ్గించడమే ఇక్కడ మొదటి అవసరం.

రెండో కారణం చట్టం. గర్భస్థ శిశువు లింగ నిర్ధారణను నిషేధిస్తూ 1994లో వచ్చిన చట్టాన్ని 2003లో మరింత కఠినం చేశారు. పిండం ఆడో మగో చెప్పగల సామర్థ్యం ఉన్న ప్రతి యంత్రానికీ, అది పెట్టిన ప్రతి చోటుకూ రిజిస్ట్రేషన్ తప్పనిసరి. గర్భిణికి చేసే ప్రతి స్కానింగ్‌కూ పత్రం నింపాలి. రికార్డుల్లో లోపాలను కూడా నేరంగా పరిగణించడం సబబేనని సుప్రీంకోర్టు 2019లో తీర్పిచ్చింది. చేత పట్టుకు తిరిగే యంత్రాలపై 2012లో మరిన్ని ఆంక్షలు వచ్చాయి. రిజిస్టరైన ఆసుపత్రి ఆవరణలో అక్కడి ఇన్‌పేషెంట్లకు వాడవచ్చు. లేదా ఇతర వైద్య సేవలూ అందించే రిజిస్టరైన సంచార వాహనంలో వాడవచ్చు. అంతే. సంచిలో వేసుకుని సంతకు వెళ్లి ఎవరి కాలో చూస్తామంటే కుదరదు. 2014 నిబంధనల ప్రకారం ఎంబీబీఎస్ వైద్యులకు స్కానింగ్‌లో ఆరు నెలల శిక్షణ తప్పనిసరి చేశారు. ఆ శిక్షణ కూడా పొట్ట, కటి భాగాలకే. చీలమండ అందులో లేదు.

ఈ చట్టం ఎందుకు పుట్టిందో దేశానికి తెలుసు. 2011 జనాభా లెక్కల్లో ఆరేళ్లలోపు పిల్లల్లో వెయ్యి మంది మగపిల్లలకు హర్యానాలో 834 మంది, పంజాబ్‌లో 846 మంది ఆడపిల్లలే తేలారు. అదే లెక్కల్లో ఛత్తీస్‌గఢ్‌లో 969 మంది ఉన్నారు. మొత్తం జనాభా తీసుకుంటే బస్తర్, దంతెవాడ జిల్లాల్లో వెయ్యి మంది మగవారికి వెయ్యికి పైగానే ఆడవారు. ఆడపిల్లను వద్దనుకోని ప్రాంతానికి కూడా అదే తాళం, అదే చెవి. చట్టాన్ని సడలించమనడానికి ఇది కారణం కాదు. ఒక్క చోట సందు దొరికితే యంత్రాలు అక్కడి నుంచి ఎక్కడికైనా చేరతాయి. ఈ భయం నిరాధారమైనది కాదు.

చీలమండను చూసే తిన్నటి ప్రోబ్ కొద్ది సెంటీమీటర్ల లోతుకే పరిమితం కాబట్టి దాన్ని వేరుగా చూడాలన్న వాదన ఉంది. వాదన సబబే కానీ సులువు కాదు. చాలా యంత్రాల్లో ఒక ప్రోబ్ తీసి ఇంకొకటి తగిలించడం నిమిషం పని. 2018లో సుమారు రెండు వేల డాలర్ల ధరతో అమెరికా మార్కెట్లోకి వచ్చిన బటర్‌ఫ్లై ఐక్యూ లాంటివైతే ఫోనుకు తగిలించుకోవచ్చు. ఒకే ప్రోబ్‌తో పొట్టనూ చూస్తాయి, చీలమండనూ చూస్తాయి. టెక్నాలజీ చవకవుతున్న కొద్దీ చట్టానికి పని పెరుగుతోంది. బ్రిటన్‌లో ఫిజియోథెరపిస్టులు కూడా ఇలాంటి పరీక్షలు చేస్తున్నారు. ఇక్కడ ఆ ఊసే లేదు.

కాబట్టి ఇప్పుడున్న నిబంధనల్లోనే దారి వెతకాలి. దారి ఉంది కూడా. రిజిస్టరైన ఆసుపత్రిలో, రిజిస్టరైన యంత్రంతో, అర్హత ఉన్న వైద్యుడు చీలమండను చూడటానికి ఏ అడ్డూ లేదు. కావలసింది ఒక తిన్నటి ప్రోబ్, దాన్ని పట్టుకోవడం తెలిసిన చేయి, వారంలో ఒక పూట సమయం. అడవిలో ఉన్నవారిలో ఎవరు అక్కడిదాకా రావాలి, ఎవరికి అక్కర్లేదు అన్నది మాత్రం ముందే తేలాలి. అది తేల్చడానికి యంత్రం అవసరం లేదు.

నాలుగు అడుగులు, ఐదో రోజు

కాలు బెణికినప్పుడు మొదటి ప్రశ్న ఎముక విరిగిందా అన్నదే. కెనడాలోని ఒట్టావాలో ఇయాన్ స్టీల్ బృందం 1992లో దీనికి ఒక పద్ధతి రూపొందించింది. చీలమండకు ఇరువైపులా ఉన్న ఎముక గుబ్బల వెనక అంచును, చివరను నొక్కి చూడాలి. పాదం బయటి అంచు మధ్యలోని ఎముక మొదలును, లోపలి అంచులోని ఎముకను కూడా నొక్కాలి. అక్కడ నొప్పి లేకపోయి, దెబ్బ తగిలిన వెంటనే కానీ పరీక్షకు వచ్చినప్పుడు కానీ నాలుగు అడుగులు వేయగలిగితే ఎక్స్‌రే అవసరం లేదు. కుంటుతూ వేసినా అడుగు అడుగే. అనేక దేశాల అధ్యయనాలను 2003లో క్రోడీకరించి చూస్తే, ఈ పరీక్షలో ఎముక విరగలేదని తేలినవారిలో వంద మందిలో ఇద్దరికి కూడా విరుగుడు బయటపడలేదు. ఎక్స్‌రేలు 30 నుంచి 40 శాతం దాకా తగ్గించవచ్చని కూడా తేలింది.

రెండో మెట్టు ఐదో రోజు. దెబ్బ తగిలిన రోజు నొప్పి, వాపు కారణంగా లిగమెంట్ పరిస్థితి చేతికి అందదు. నాలుగైదు రోజులు ఆగి మళ్లీ చూస్తే అనుభవం ఉన్న చేయి చాలా కచ్చితంగా చెప్పగలదు. ఆ సమయంలో తెగిన లిగమెంట్లను చేతి పరీక్షే వందకు 96 పాళ్లు పట్టుకోగలదని నెదర్లాండ్స్ వైద్యులు 1990లలోనే చూపించారు. అంటే కొత్త బెణుకుకు ప్రోబ్ కన్నా ఓపిక మేలు. బస్తర్‌లో రోగి రెండోసారి రావడమే కష్టం కాబట్టి ఈ పరీక్ష రోగి దగ్గరికే వెళ్లాలి. ఛత్తీస్‌గఢ్‌లో ఆ ఏర్పాటు లేకపోలేదు. 2002 నుంచి పల్లెపల్లెకూ మితానిన్ అనే ఆరోగ్య కార్యకర్త ఉంది. ఛత్తీస్‌గఢీలో ఆ మాటకు స్నేహితురాలని అర్థం. దేశమంతటా వచ్చిన ఆశా కార్యకర్తల పథకానికి ఆమే నమూనా. ఎముక గుబ్బలు నొక్కి చూడటం, నాలుగు అడుగులు వేయించడం, వారం తర్వాత పలకరించడం ఆమెకు నేర్పలేనంత విద్య కాదు.

మూడో మెట్టు అసలు వైద్యం. ఇందులో పాత సలహాలు చాలా మారాయి. విశ్రాంతి, ఐసు, కట్టు, కాలు ఎత్తిపెట్టడం అనే సూత్రానికి 1978లో పేరు పెట్టిన అమెరికా వైద్యుడు గేబ్ మిర్కిన్ కూడా, ఐసు వల్ల మానడం ఆలస్యం కావచ్చని తర్వాత తన మాట సవరించుకున్నారు. మొదటి రెండు మూడు రోజులు దాటాక నెలల తరబడి మంచం పట్టడం కన్నా కట్టు ఆధారంతో మెల్లగా నడవడమే మంచిదని ఇప్పటి వైద్యుల మాట. బెణుకు బాగా తీవ్రమైతే పది రోజులపాటు మోకాలి కింద గట్టి కట్టు వేస్తే త్వరగా కోలుకుంటారని 2009లో బ్రిటన్ అధ్యయనం చెప్పింది.

పుత్తూరు కట్టు తెలిసిన తెలుగువారికి కట్టు విలువ వేరే చెప్పక్కర్లేదు. బస్తర్‌లోనూ గునియాలు, వడ్డెలు ఆకు పసర్లతో కట్లు కడతారు. బెణికిన కాలికి ఆధారం ఇవ్వడం వరకు ఆ కట్టు చేసే పని మంచిదే. చెడ్డది రెండు సందర్భాల్లో. విరిగిన ఎముకను బెణుకు అనుకుని మర్దన చేసినప్పుడు. రక్తం ఆడనంత బిగించి వదిలేసినప్పుడు. వేళ్లు చల్లబడినా, నల్లబడినా, తిమ్మిరెక్కినా కట్టు వెంటనే విప్పాలన్న ఒక్క మాట ఆ నాటు వైద్యుల చెవిన వేస్తే చాలా కాళ్లు దక్కుతాయి. వారిని తిట్టి దూరం చేసుకుంటే ఆ మాట చెప్పే దారి కూడా మూసుకుపోతుంది.

కట్టు విప్పాక చేయవలసింది కాలికి మళ్లీ నిలకడ నేర్పడం. నెదర్లాండ్స్‌లో 522 మంది క్రీడాకారులపై జరిపిన అధ్యయనం 2009లో వెలువడింది. సగం మందికి మామూలు వైద్యంతో పాటు ఎనిమిది వారాలు ఇంటి దగ్గరే చేసుకునే నిలకడ వ్యాయామాలు ఇచ్చారు. పర్యవేక్షణ ఏమీ లేదు. ఏడాదిలో మామూలు వైద్యం పొందినవారిలో 33 శాతం మందికి మళ్లీ కాలు బెణికితే, వ్యాయామం చేసినవారిలో అది 22 శాతమే. ఇందులో బస్తర్‌కు పనికొచ్చే మాట ఇంకొకటి ఉంది. మొదటి బెణుకుకు వైద్యం దొరకనివారికే ఈ వ్యాయామాల వల్ల ఎక్కువ మేలు జరిగింది.

ఆ వ్యాయామాలకు ఖర్చు లేదు. బెణికిన కాలి మీద నిలబడాలి. మొదట కళ్లు తెరిచి, తర్వాత మూసుకుని. అలా నిలబడే మోకాలు వంచి లేవాలి. ఎదుటివారు విసిరే బంతిని పట్టుకోవాలి. తర్వాత మెత్తటి నేల మీద, ఊగే పలక మీద అదే పని. వారానికి మూడుసార్లు, అరగంట మించకుండా. నొప్పి లేకుండా నడవగలిగాకే మొదలుపెట్టాలి. పొలంలో, ఇంటి వాకిట్లో, ఆశ్రమ పాఠశాల మైదానంలో చేసుకోవచ్చు.

ఎనిమిది వారాలు ఇలా చేసినా కాలు మడతపడుతూనే ఉందా? అల్ట్రాసౌండ్ అక్కర ఉన్నది అప్పుడే. వంద మంది బెణికినవారిలో ఇక్కడిదాకా వచ్చేవారు కొద్దిమందే. వారికి ప్రోబ్ చెప్పే జవాబు విలువైనది. పట్టీ బాగానే ఉంటే జగదల్‌పూర్ నుంచి రాయ్‌పూర్ దాకా తిరగనక్కర్లేదు, వ్యాయామమే కొనసాగించాలి. పట్టీ తెగి, మడమ లాగితే ఎముకలు విడిపోతుంటే సర్జన్‌ను చూడాలి. టెండన్ జారుతుంటే అది వేరే జబ్బు, దాని దారి వేరు. ఒక రోజు కూలీ, దూరపు బస్సు చార్జీ పెట్టుకుని వచ్చినవారికి ఆ ఒక్క ప్రయాణంలో తేల్చి చెప్పడం చిన్న సాయం కాదు.

ఈ ప్రయాణం తెలుగు ప్రాంతాల గుమ్మంలోనే ముగియడం కూడా మామూలే. కొంటా వైపు వారికి జగదల్‌పూర్ కన్నా భద్రాచలం దగ్గర. భోపాల్‌పట్నం నుంచి గోదావరి దాటితే ఏటూరునాగారం, అటు నుంచి వరంగల్. సరిహద్దు గూడేల్లో తెలుగు, దోర్లా వినిపిస్తూనే ఉంటాయి. కాబట్టి ఈ పని ఒక్క ఛత్తీస్‌గఢ్‌ది కాదు. భద్రాచలం వైద్యుడు కూడా ఈ కాళ్లను చూడాల్సిందే.

పరుగెత్తే పిల్లలు

ఇదంతా ఇప్పుడు ముందుకు రావడానికి ఇంకో కారణం ఆటలు. బస్తర్‌కు పరుగు కొత్తది కాదు. వినోబా భావే శిష్యుడు ధరంపాల్ సైనీ 1976లో జగదల్‌పూర్ దగ్గర డిమ్రాపాల్‌లో మాతా రుక్మిణి ఆశ్రమం స్థాపించి ఆదివాసీ బాలికలకు చదువుతో పాటు ఆటలూ నేర్పారు. ఆయనకు 1992లో పద్మశ్రీ వచ్చింది. అక్కడి బాలికలు రాష్ట్ర, జాతీయ పోటీల్లో పతకాలు సాధించారు. నారాయణ్‌పూర్ అబూజ్‌మాడ్ మల్లఖంబ పిల్లలు 2023లో టీవీ పోటీ ఇండియాస్ గాట్ టాలెంట్ గెలిచి దేశమంతటా పేరు తెచ్చుకున్నారు. 2024లో మొదలైన బస్తర్ ఒలింపిక్స్‌లో ఏడు జిల్లాల నుంచి 1,65,000 మంది పాల్గొన్నారు. కబడ్డీ, ఖోఖో, వాలీబాల్, ఫుట్‌బాల్, పరుగు. ఇవన్నీ చీలమండను పరీక్షించే ఆటలే. ఎగిరి దిగినప్పుడు ఎదుటివారి పాదం మీద పాదం పడితే చాలు.

ఆటల్లో కాలు బెణికిన పిల్ల మైదానం అంచున కూర్చుంటుంది. నాలుగు రోజుల తర్వాత మళ్లీ దిగుతుంది. పోటీకి ఎంపిక పోతుందన్న భయంతో నొప్పి చెప్పదు. రెండోసారి, మూడోసారి మడతపడ్డాక ఆట మానేస్తుంది. ఆమె ఎందుకు మానేసిందో ఏ రికార్డులోనూ ఉండదు. ఈ క్రీడలకు ఇంత డబ్బు, ఇంత ప్రచారం వస్తున్నప్పుడు పిల్లల కాళ్లకు ఒక లెక్క ఉండాలి. ఎవరి కాలు ఎన్నిసార్లు బెణికింది, ఎవరు ఒంటికాలి మీద ఎంతసేపు నిలబడగలరు అన్నది కోచ్ నోటుబుక్కులో రాసుకోవచ్చు. పదేపదే బెణికేవారిని వైద్య కళాశాలకు పంపి రెండు కాళ్లనూ ప్రోబ్‌తో కొలిపించవచ్చు. పరిశోధన అంటే ఇంతే. దానికి విదేశీ విశ్వవిద్యాలయం అక్కర్లేదు. కొండబాటలో చెప్పులు లేకుండా పెరిగిన పాదం, డబ్లిన్‌లోనో ఆమ్‌స్టర్‌డామ్‌లోనో బూట్లలో పెరిగిన పాదం ఒకటేనా అన్న ప్రశ్నకు జవాబు చెప్పగలిగేది కూడా ఇలాంటి చోటే.

వైద్య కళాశాల ఒక ప్రోబ్ కొనాలి, ఒక వైద్యుడికి శిక్షణ ఇప్పించాలి. మితానిన్‌కు నాలుగు అడుగుల పరీక్ష నేర్పాలి. కోచ్‌లకు ఎనిమిది వారాల వ్యాయామం అందించాలి. వీటిలో యంత్రానికే రిజిస్ట్రేషన్ కావాలి. పిల్లలను వరుసగా ఒంటికాలి మీద నిలబెట్టడానికి ఏ అనుమతీ అక్కర్లేదు. రేపటి నుంచే మొదలుపెట్టవచ్చు.